తెరపై అనంతపురం నేల

రాయలసీమకు పడమటి భాగాన విస్తరించిన అనంతపురం పీఠభూమి వానలకు ముఖం వాచిన ప్రాంతం. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను దాటి ఇక్కడికి చేరేసరికి తమ తేమను చాలావరకు కోల్పోతాయి. ఈశాన్య రుతుపవనాలకు బలమిచ్చే తూర్పు తీరమా, చాలా దూరం. అందుచేత ఏడాది మొత్తంలో సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే ఇక్కడ కురుస్తుంది. దక్షిణాన హిందూపురం వద్ద సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఉన్న నేల ఉత్తరాన తాడిపత్రి చేరేసరికి 250 మీటర్ల లోపుకు దిగుతుంది. ఈ ఏటవాలు మీద బోడిగుట్టలు, గుండ్రాళ్ళ తిప్పలు, ఎర్రనేలలు, వేరుశనగ చేలు, సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపించే పెన్న, చిత్రావతి నదులు పరచుకొని ఉన్నాయి. ఒకప్పుడు 19,130 చదరపు కిలోమీటర్ల ఒకే జిల్లాగా ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి అనే రెండు జిల్లాలయింది.

ఇంత విశాలమైన నేలను కంప్యూటరు తెరపై నిలపవలసిన అవసరం నేడు రెండు రకాల వారికి కలుగుతున్నది. ఒకరు వీడియో ఆటలను నిర్మించేవారు. రెండవవారు వాటర్‌షెడ్ పథకాలను రూపొందించేవారు, అనగా ఏ వంకలో ఎంత నీరు ప్రవహిస్తుందో, చెక్‌డ్యామును ఎక్కడ కట్టాలో, ఊటకుంటను ఎక్కడ తవ్వాలో నిర్ణయించేవారు. ఈ ఇద్దరి పనిముట్లూ చాలా దూరం వరకు ఒకటే. ఆ తరువాత దారులు చీలిపోతాయి. ఎక్కడ చీలిపోతాయో తెలుసుకోవాలంటే మొదట ఆ పని జరిగే తీరును పరిశీలించాలి.

తెరపై నేలను సృష్టించడానికి రెండు వస్తువులు కావాలి. మొదటిది ఎత్తుల పటం. నేలను సమానమైన గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి ఆ చోటి ఎత్తును అంకెగా రాసిన పట్టిక ఇది. కంప్యూటరు ఈ అంకెలను బట్టి గుట్టలను, లోయలను మలుస్తుంది. అయితే అలా మలచిన రూపం సున్నం కూడా వేయని గోడవంటిది. దానిపై పరచే రంగుల బొమ్మ రెండవ వస్తువు. దానిని ఆ రంగంలోనివారు టెక్స్చర్ అంటారు. తెలుగులో నేలబొమ్మ అనుకోవచ్చు. దుప్పటిని ఎగుడుదిగుడు మంచంపై పరచినట్లుగా ఈ నేలబొమ్మను ఎత్తుల రూపంపై పరుస్తారు.

ఎత్తుల పటం తేలికైనది. 30 మీటర్లకొక గడి చొప్పున పాత అనంతపురం జిల్లాను విభజిస్తే సుమారు 2 కోట్ల 13 లక్షల గళ్ళు వస్తాయి. ఒక్కొక్క ఎత్తుకు రెండు బైట్లు చాలు కనుక మొత్తం 43 మెగాబైట్లలోపే ఇమిడిపోతుంది. నేలబొమ్మ సంగతి వేరు. ఆటగాడు నేలపై నడుస్తూ చూస్తాడు కాబట్టి కనీసం మీటరుకు ఒక చుక్క, అనగా ఒక పిక్సెల్ అయినా ఉండాలి. అప్పుడు అదే జిల్లాకు 1,913 కోట్ల పిక్సెళ్ళు అవసరమవుతాయి. ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పాళ్ళను మూడు బైట్లలో రాస్తే అది 57 గిగాబైట్లను మించుతుంది. అయినా మీటరుకొక చుక్క చాలదు. అంత లెక్కలో ఒక వేరుశనగ మొక్క ఒక్క చుక్కకు కూడా సరిపోదు. కాలిబాట ఒక సన్నని గీత మాత్రమే.

ఈ భారాన్ని తగ్గించుకోవడానికి ఆటల నిర్మాతలు మొదట అనుసరించిన పద్ధతి కలంకారీ అద్దకాన్ని పోలినది. ఒక చిన్న అచ్చును పదేపదే వేసి బారెడు గుడ్డను నింపినట్లుగా, కొన్ని మీటర్ల ఎర్రమట్టి బొమ్మను అంచులు కలిసేలా తయారు చేసి, దానినే మైదానమంతా పరుస్తారు. దగ్గరనుండి చూసినప్పుడు ఇది నిజమైన మట్టిలాగే కనిపిస్తుంది. గుట్ట ఎక్కి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఒకే రాయి, ఒకే పగులు గళ్ళగళ్ళుగా దిగంతం వరకు వరుసలు తీరి కనిపిస్తాయి. ప్రకృతి ఒకే అచ్చును రెండుసార్లు వాడదు. ఆ సంగతి చూసేవాని కన్ను వెంటనే పసిగడుతుంది.

అందుచేత అచ్చుల సంఖ్యను పెంచి, వాటిని కలపడానికి ఒక మిశ్రమ పటాన్ని జోడించారు. ఎర్రనేల, నల్లరేగడి, బండరాయి, ఎండుగడ్డి, ఇసుక అనే అచ్చులు ఉన్నాయనుకుంటే, ఏ చోట ఏది ఎంత పాలు ఉండాలో ఈ మిశ్రమ పటం చెబుతుంది. దానిని చేతితో గీయనవసరం లేదు. ఎత్తుల పటం నుండే నియమాలను రాబట్టవచ్చు. వాలు బాగా నిటారుగా ఉన్నచోట మట్టి నిలవదు కాబట్టి బండరాయి, పల్లంలో నది పక్కన ఇసుక, మధ్యలో ఎర్రనేల అని ఆజ్ఞాపిస్తే చాలు. పెనుకొండ, గుత్తి వంటి కొండలకు ఈ నియమం చక్కగా సరిపోతుంది. కాని ఈ పీఠభూమిలోనే దానికి లొంగని చోట్లు ఉన్నాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో వేదవతి నది ఇసుకను గాలులు ఎత్తుకువచ్చి పొలాలలో దిబ్బలుగా పోస్తున్నాయి. కేవలం ఎత్తునూ వాలునూ చూసి రంగువేసే యంత్రం ఆ ఇసుక దిబ్బలను ఎర్రనేలగానే చిత్రిస్తుంది. ఎందుకంటే గాలి సంగతి ఎత్తుల పటంలో రాసి లేదు.

నేలను కొలవకుండానే పుట్టించే మార్గం కూడా ఒకటి ఉంది. 1982లో విడుదలైన ‘ట్రాన్’ అనే చలనచిత్రానికి పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటరు బొమ్మలు మరీ నున్నగా, యాంత్రికంగా ఉంటున్నాయని గ్రహించి ఒక గణిత పద్ధతిని కనిపెట్టాడు. 1985లో దానిని ప్రచురించాడు. గళ్ళ కూడళ్ళ వద్ద వాలు దిశలను యాదృచ్ఛికంగా నిర్ణయించి, వాటి మధ్యనున్న జాగాను మెత్తగా కలుపుకుంటూ పోవడం ఇందులోని కీలకం. మొదట పెద్ద గళ్ళతో గుట్టలను, తరువాత వాటిలో సగం గళ్ళతో చిన్న తిప్పలను, ఆపై మరింత చిన్న గళ్ళతో గరుకుతనాన్ని ఒకదానిపై ఒకటి కలుపుతారు. ఇలా ఎన్ని వేల కిలోమీటర్ల నేలనైనా కొద్దిపాటి సూత్రాలతో పుట్టించవచ్చు. ఈ కల్పనకు పెర్లిన్‌కు 1997లో ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం లభించింది.

అయితే పెర్లిన్ పద్ధతిలో పుట్టిన నేలకు ఒక పెద్ద లోపం ఉంది. దానిపై వాన కురిస్తే నీరు ఎటూ పోదు. ఎక్కడికక్కడ గుంటలలో నిలిచిపోతుంది. నిజమైన నేలను వేల ఏండ్లుగా వాననీరే చెక్కింది కాబట్టి వాగు వంకలో, వంక ఏటిలో కలిసే క్రమం దానికి సహజంగా అబ్బింది. యాదృచ్ఛిక నేలకు ఆ చరిత్ర లేదు. ఈ లోపాన్ని సవరించడానికి 1989లో మస్‌గ్రేవ్, కోల్బ్, మేస్ అనే ముగ్గురు పరిశోధకులు కృత్రిమ నేలపై కృత్రిమ వానను కురిపించి, ఆ నీరు మట్టిని కోసుకుపోయే తీరును లెక్కగట్టారు. నేటికీ ఆటల నిర్మాతలు గుట్టల పక్కన కోతలను, వాగుల జాడలను ఇటువంటి లెక్కలతోనే తెచ్చుకుంటున్నారు. నమ్మదగిన నేలను సృష్టించాలంటే నీటిని సంప్రదించక తప్పదన్న సంగతి అప్పటికే తేలిపోయిందన్నమాట.

అచ్చులను వేయడం మాని, నేలంతటికీ ఒకే మహాచిత్రాన్ని వాడాలన్న ఆలోచన ఆ తరువాత బలపడింది. 2007లో వచ్చిన ‘క్వేక్ వార్స్’ అనే ఆటలో నేలబొమ్మ ప్రతి పక్కా 32,768 పిక్సెళ్ళు, అనగా మొత్తం 107 కోట్ల పిక్సెళ్ళు కలిగినది. మీటరుకొక పిక్సెల్ చొప్పున పాత అనంతపురం జిల్లాను కప్పాలంటే అటువంటి చిత్రాలు పద్దెనిమిది కావాలి. ఇంత పెద్ద చిత్రం కంప్యూటరు జ్ఞాపకంలో ఒక్కసారిగా పట్టదు. అందుకని దానిని చిన్న చిన్న పలకలుగా కోసి, ఆటగాని చూపు పడే పలకలను మాత్రమే ఎప్పటికప్పుడు తెచ్చి పరుస్తారు. దూరపు కొండకు వివరం అక్కరలేదు గనుక అదే చిత్రాన్ని సగం కొలతకు, మళ్ళీ సగానికి, ఇలా కుదించిన నకళ్ళను ముందే సిద్ధం చేసుకుంటారు. లాన్స్ విలియమ్స్ 1983లో ప్రతిపాదించిన ఈ పిరమిడ్ అమరికలో నకళ్ళన్నీ కలిసినా అసలు చిత్రంలో మూడవ వంతు జాగాను మాత్రమే అదనంగా ఆక్రమిస్తాయి. ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. ఈ రంగంలో ఇంతకంటె పొదుపైన ఉపాయం మరొకటి లేదనవచ్చు.

2020లో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఈ మార్గంలో చివరిదాకా పోయింది. ఉపగ్రహాలు, విమానాలు తీసిన ఛాయాచిత్రాలతో భూగోళం మొత్తాన్ని నేలబొమ్మగా మార్చి, ఆటగాడు ఎగురుతున్న చోటి పలకలను ఇంటర్నెట్ ద్వారా పంపే ఏర్పాటు అందులో ఉంది. అయితే ఆ ఆట మొదలైన కొద్ది రోజులకే ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరపు శివార్లలో మేఘాలను తాకే సన్నని భవనమొకటి ఆటగాళ్ళకు కనిపించింది. స్వచ్ఛంద పటంలో ఎవరో రెండంతస్తులకు బదులు పొరపాటున 212 అంతస్తులని నమోదు చేశారు. యంత్రం ఆ అంకెను నమ్మి మేడ కట్టింది. ఆటగాళ్ళు దాని చుట్టూ విమానాలు నడిపి వినోదించారు. ఆటలో తప్పు కూడా ఒక ఆటే అవుతుంది.

ఇక నిజమైన నేలబొమ్మ ఎక్కడనుండి వస్తుంది? మన దేశానికి సంబంధించినంతవరకు దీనికి హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ప్రధాన ఆధారం. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని నగరానికి సమీపంలోని షాద్‌నగర్ వద్ద స్వీకరిస్తారు. 1988లో ప్రయోగించిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహంలోని ఒక కెమెరాకు నేలపై 72.5 మీటర్ల చతురస్రం ఒక్క పిక్సెల్‌గా కనిపించేది. 1995 నాటి ఐఆర్ఎస్-1సి దానిని 5.8 మీటర్లకు, 2005 మే 5న ఎగిరిన కార్టోశాట్-1 2.5 మీటర్లకు తగ్గించాయి. ఈ చిత్రాలను ప్రజలు చూసుకొనేందుకు ఇస్రో 2009 ఆగస్టులో ‘భువన్’ను ప్రారంభించింది.

ఉపగ్రహ చిత్రాలను అతికి ఒకే బొమ్మగా చేయడం చెప్పినంత సులభం కాదు. కార్టోశాట్-1 ఒక్కసారికి సుమారు 30 కిలోమీటర్ల వెడల్పు పట్టీని మాత్రమే చూడగలదు. పక్క పట్టీని మరొక రోజున తీస్తుంది. ఈ రెండు రోజుల మధ్య వాన పడితే ఎర్రనేల ముదురురంగుకు మారుతుంది. వేరుశనగ మొలకెత్తితే నేలే కనిపించదు. రెండు పట్టీలను ఉన్నవి ఉన్నట్లుగా పక్కపక్కన పెడితే చేను నడుమ కత్తితో గీసినట్లు ఒక గీత ఏర్పడుతుంది. దీనిని మాపడానికి రెండింటి వెలుగునీడలను సమం చేసి, అతుకును నది వెంబడో, దారి వెంబడో, చేని గట్టు వెంబడో నడిపిస్తారు. నేర్పరి అయిన దర్జీ కుట్టును మడతలో దాచినట్లే ఇది కూడా. కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎరుపుగా చూపే చిత్రాలలో మరొక వింత ఉంది. వాటిలో పచ్చని పైరు ఎర్రగా కనిపిస్తుంది; అనంతపురం ఎర్రనేల మాత్రం ఎర్రగా కనిపించదు. పంటల విస్తీర్ణాన్ని అంచనా వేసేవారికి ఇవి అమూల్యం. ఆటల నిర్మాతలకు మాత్రం నిరుపయోగం.

ఎత్తుల కొలతకు ఈ ప్రాంతంలో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1802లో మద్రాసు వద్ద మహా త్రిభుజాకార సర్వేను ప్రారంభించిన విలియం లాంబ్టన్, ఉత్తరానికి సాగుతూ 1811లో గుత్తి సమీపంలో ఒక ఆధారరేఖను కొలిచాడు. కొండ శిఖరంనుండి శిఖరానికి కోణాలు తీసుకుంటూ ఏండ్ల తరబడి సాగిన ఆ పనికి రెండు శతాబ్దాల తరువాత, 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక 60 మీటర్ల దూలం చివర అమర్చిన రాడార్ సాయంతో 11 రోజులలో భూభాగంలో 80 శాతం ఎత్తులను కొలిచింది. కార్టోశాట్-1 మార్గం వేరు. దానికి రెండు కెమెరాలున్నాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండవది 5 డిగ్రీలు వెనుకకు వంగి ఉంటాయి. నిమిషంలోపు తేడాతో ఒకే చోటును రెండు కోణాలలో చూస్తాయి కాబట్టి మనిషి రెండు కన్నులతో లోతును గ్రహించినట్లే ఎత్తును గ్రహించవచ్చు. అలా తయారైన కార్టోడెమ్ అనే ఎత్తుల పటాన్ని 30 మీటర్ల గళ్ళతో భువన్ ద్వారా ఉచితంగా అందిస్తున్నారు. అందులోని ఎత్తులు సుమారు 8 మీటర్ల మేరకు అటూయిటూ కావచ్చు.

దారులు చీలేది ఇక్కడే. ఆటకు ఎనిమిది మీటర్ల తేడా ఒక లెక్కలోనిది కాదు. 900 మీటర్ల కొండ 892 మీటర్లుంటే ఆటగానికి పోయేదేమీ లేదు. కాని అనంతపురం పీఠభూమిపై కరవును ఎదుర్కొనేది కొండలతో కాదు, కట్టలతో. రాతి గుట్టల నడుమ మట్టికట్ట వేసి, వంక నీటిని నిలిపి, మిగులు నీటిని అలుగు మీదుగా దిగువ చెరువుకు వదిలే గొలుసుకట్టు చెరువులు ఇక్కడివారికి తరతరాల ఆస్తి. బుక్కపట్నం, ధర్మవరం చెరువులు వాటిలో పేరెన్నికగన్నవి. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను వివరించే 1369 నాటి శాసనం పొరుగునున్న కడప సీమలోని పోరుమామిళ్ళలో లభించింది. ఈ చెరువులలో చిన్నవాటి కట్ట ఎత్తు నాలుగైదు మీటర్లు. పైభాగపు వెడల్పు బండి నడిచేటంత. 30 మీటర్ల గడిలో అటువంటి కట్ట కరిగిపోతుంది. ఎనిమిది మీటర్ల అనిశ్చితిలో దాని ఎత్తు మునిగిపోతుంది.

కంప్యూటరు నీటి దారిని ఎలా గీస్తుందో చూస్తే ఈ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. ఒక్కొక్క గడిపై పడిన వాన చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో మిక్కిలి పల్లమైన దానిలోకి పోతుందన్న సూత్రంతో అది పని మొదలుపెడుతుంది. ఎటూ పోవడానికి వీలులేని గుంట ఎదురైతే లెక్క ఆగిపోతుంది. అందువలన అటువంటి గుంటలన్నిటినీ కొలతలోని పొరపాట్లుగా భావించి, అంచు వరకు పూడ్చివేసి, ఆ తరువాతనే నీటిని నడిపిస్తారు. ఇతర ప్రాంతాలలో ఈ ఊహ చాలావరకు చెల్లుతుంది. ఇక్కడ మాత్రం ఆ గుంటలలో చాలా భాగం చెరువులు, కుంటలు. పూర్వులు చెమటోడ్చి నిలిపిన పల్లాన్ని యంత్రం తప్పుగా లెక్కించి సరిదిద్దుతుంది. కట్ట కనిపించని చోట నీటిని నేరుగా కట్టలోనుండి దాటిస్తుంది. కట్ట కనిపించిన చోట చెరువునే పూడ్చివేస్తుంది. రెండు విధాలా చెరువు మాయమవుతుంది. తెరపైని బొమ్మ మాత్రం ఎప్పటిలాగే అందంగా, నమ్మదగినదిగా ఉంటుంది.

ఆ బొమ్మను నమ్మి పథకం వేస్తే ఏమవుతుంది? చెరువుకు ఎగువనున్న వంకలో నీరు మిగులుతున్నదని కంప్యూటరు చెబుతుంది. అక్కడొక చెక్‌డ్యాము కడతారు. ఆ వంకే దిగువ చెరువుకు ప్రాణాధారమని తెరపై తెలియదు. వాన తక్కువైన ఏడు చెరువు నిండదు. దాని ఆయకట్టు బీడుపడుతుంది. చుట్టుపక్కల బోర్లలో నీరు అడుగంటుతుంది. మెల్బోర్న్ మేడలా దీని చుట్టూ తిరిగి వినోదించడానికి వీలులేదు.

1995 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్ల భూమిని ఒక వాటర్‌షెడ్‌గా తీసుకోవాలని సూచించాయి. 30 మీటర్ల గళ్ళలో అది 5,500 గళ్ళు మాత్రమే. ఆటలో ఒక చిన్న ఊరి బొమ్మకైనా చాలనంత తక్కువ. అందుచేత పథకాలు వేసేవారు ఉపగ్రహ చిత్రంతో తృప్తిపడక సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటాలను దగ్గర పెట్టుకుంటారు. 1:50,000 కొలతగల ఆ పటంలో ఒక మిల్లీమీటరు నేలపై 50 మీటర్లకు సమానం. ఆ కొలత ప్రకారం చెరువు కట్ట అందులో కంటికి ఆననంత సన్నగా ఉండాలి. అయినా పటం గీసినవారు కట్టకు, అలుగుకు ప్రత్యేకమైన గుర్తులు పెట్టి, వాటిని అసలు కొలత కంటె పెద్దవిగా చూపారు. కెమెరాకు అన్ని చుక్కలూ సమానమే. పటకారునికి కట్ట ముఖ్యమని తెలుసు.

ఈ గుర్తులను ఆధారం చేసుకొని కట్టలను ఎత్తుల పటంలోకి మళ్ళీ ఎక్కిస్తారు. చెరువులను పూడ్చవద్దని యంత్రానికి ముందే చెబుతారు. ఆ తరువాత అచ్చువేసిన పటాన్ని చేతపట్టుకొని, ఊరి రైతులను వెంటబెట్టుకొని వంక వెంబడి నడుస్తారు. పటంలో ఉన్న కుంట నేలపై చదునైపోయి ఉండవచ్చు; నేలపై ఉన్న గట్టు పటంలో లేకపోవచ్చు. అలుగు ఏ మట్టంలో పొర్లుతుందో, పోయిన పెద్దవానకు నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేది చెరువు కింద మడి దున్నేవాడే. ఆ చోట్ల లెవెల్ యంత్రంతో సెంటీమీటర్ల వరకు కొలిచిన మట్టాలను పట్టికలో నింపి, లెక్కను మళ్ళీ మొదటినుండి నడిపిస్తారు. అప్పుడు తెరపైని నీలిగీత కట్టను చీల్చుకొని పోదు. కట్ట వద్ద ఆగి, చెరువంతా పరచుకొని, అలుగు దారిన దిగువ చెరువు వైపు సాగుతుంది.